కరోనా కాలంలో బ్యాంకులు ఎట్లా నిలబడ్డాయి?



2020వ సంవత్సరం మార్చి నెల మీకు గుర్తు ఉండే ఉంటుంది. కరోనా వచ్చింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు ఆగాయి. రైళ్లు ఆగాయి. ధర్మవరంలో పట్టు మగ్గాలు ఆగాయి. బెంగుళూరుకు కూలికి పోయిన వాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని ఇంటి దారి పట్టారు.

కూలి లేదు. బేరం లేదు. మరి అప్పు కంతు ఎట్లా కట్టాలి? ప్రతి ఇంట్లో అదే దిగులు.

ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి చూద్దాం. అందరూ కంతు ఆపేస్తే బ్యాంకు గతి ఏమిటి? బ్యాంకులు మునిగిపోతాయని చాలామంది భయపడ్డారు. కానీ మునగలేదు. పైగా లాభాలు వచ్చాయి.

ఈ రెండు లెక్కలు చదవండి.

2019-20లో ప్రభుత్వ బ్యాంకులన్నీ కలిపి దాదాపు 26,000 కోట్ల రూపాయలు నష్టపోయాయి.

కరోనా నడిచిన 2020-21లో అవే బ్యాంకులకు దాదాపు 31,800 కోట్ల రూపాయల లాభం వచ్చింది.

ఇదేమి విచిత్రం? ఊరంతా నష్టపోయిన ఏడాది బ్యాంకుకు లాభం ఎట్లా వచ్చింది? ఆ లాభం ఎవరి దగ్గర నుంచి వచ్చింది? మన పొదుపు బ్యాంకులో ఉంది. మన అప్పూ బ్యాంకులోనే ఉంది. కాబట్టి ఈ సంగతి మనకు తెలిసి తీరాలి.

బ్యాంకు బతికేది ఎట్లా?

మన పొదుపు సంఘాన్నే తీసుకుందాం. పదిమంది కలిసి నెలనెలా పొదుపు కడతారు. ఆ సొమ్ములో నుంచి అవసరం ఉన్న అక్కకు అప్పు ఇస్తారు. ఆమె వడ్డీతో తిరిగి కడుతుంది. సంఘం పెరుగుతుంది.

బ్యాంకు చేసేది కూడా ఇదే పని. కాకపోతే పెద్ద ఎత్తున చేస్తుంది. మనలాంటి వాళ్లు దాచుకున్న సొమ్మును డిపాజిట్లు అంటారు. వాటికి బ్యాంకు తక్కువ వడ్డీ ఇస్తుంది. అదే సొమ్మును వేరే వాళ్లకు అప్పు ఇస్తుంది. వాళ్ల దగ్గర ఎక్కువ వడ్డీ తీసుకుంటుంది. ఈ రెండింటికీ మధ్య ఉండే తేడాయే బ్యాంకుకు కూడూ గుడ్డా.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది అర్థం కావడానికి వేసిన లెక్క మాత్రమే.

బ్యాంకు 100 రూపాయల డిపాజిట్ తీసుకుంది. ఏడాదికి 5 రూపాయల వడ్డీ ఇచ్చింది. ఆ 100 రూపాయలను అప్పు ఇచ్చింది. ఏడాదికి 9 రూపాయల వడ్డీ తీసుకుంది. తేడా 4 రూపాయలు. ఆ 4 రూపాయల్లో జీతాలకు, అద్దెకు, కరెంటుకు, కంప్యూటర్లకు 2 రూపాయలు పోయాయి. మిగిలింది 2 రూపాయలు. అదే లాభం.

ఇప్పుడు అప్పు ఇచ్చిన 100 రూపాయల్లో 3 రూపాయలు తిరిగి రాలేదు అనుకుందాం. అప్పుడు ఏమవుతుంది? 2 రూపాయల లాభం పోతుంది. పైన ఇంకో రూపాయి నష్టం వస్తుంది.

చూశారా? నూటికి మూడు రూపాయలు రాకపోతేనే బ్యాంకు నష్టంలో పడింది. అందుకే బ్యాంకుకు అసలు తిరిగి రాకపోవడమే పెద్ద భయం.

మొండి బాకీ అంటే?

మామూలు అప్పులో కంతు కట్టవలసిన రోజు దాటి 90 రోజులకు మించిపోతే దాన్ని మొండి బాకీ కింద రాస్తారు. పంట అప్పులకు లెక్క వేరు. వాటికి పంట కాలాలను బట్టి చూస్తారు.

ఒక అప్పు మొండి బాకీ అయితే బ్యాంకు ఊరకే కూర్చోదు. ఆ అప్పు రాకపోవచ్చు అని ముందే కొంత సొమ్ము పక్కన పెడుతుంది. వచ్చే కారుకు మనం చెనిక్కాయ విత్తనం తీసి పక్కన పెడతాం కదా, అట్లా. ఇంట్లో ఎంత అవసరం వచ్చినా ఆ కాయల మీద చెయ్యి వేయం. పక్కన పెట్టిన సొమ్ము లాభంలో నుంచి తగ్గిపోతుంది. అందుకే మొండి బాకీలు పెరిగిన ఏడాది బ్యాంకుకు లాభం తగ్గుతుంది. ఒక్కోసారి నష్టమే వస్తుంది.

కరోనాకు ముందే జబ్బు

కరోనా వచ్చేనాటికే మన బ్యాంకులు జబ్బు పడి ఉన్నాయి. 2018 మార్చి నాటికి బ్యాంకులు ఇచ్చిన ప్రతి 100 రూపాయల అప్పులో 11 రూపాయలకు పైగా మొండి బాకీ అయి ఉంది. ఉక్కు, కరెంటు, రోడ్లు లాంటి పెద్ద పెద్ద పనులకు ఇచ్చిన అప్పులు చాలా వరకు తిరిగి రాలేదు.

2020 మార్చి నాటికి ఆ 11 రూపాయలు 8 రూపాయలకు తగ్గాయి. అప్పుడు కూడా మొత్తం మొండి బాకీల్లో నూటికి 75 రూపాయలకు పైగా పెద్ద అప్పులవే. పెద్ద అప్పు అంటే ఇక్కడ 5 కోట్లు, అంతకు మించి తీసుకున్నది.

అదే సమయంలో ఇంకో పెద్ద మార్పు జరిగింది. 2020 ఏప్రిల్ 1న కొన్ని ప్రభుత్వ బ్యాంకులను కలిపేశారు. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసింది. మన అనంతపురం జిల్లాకు సిండికేట్ బ్యాంకు లీడ్ బ్యాంకుగా ఉండేది. ఆ తర్వాత కెనరా బ్యాంకు ఆ పని చూస్తోంది. లాక్‌డౌన్ మొదలైన వారానికే ఈ కలయిక కూడా జరిగింది. అంటే ఇల్లు మారుతున్న రోజే గాలివాన వచ్చినట్లు అయింది.

అన్నీ ఆగినా బ్యాంకు ఆగలేదు

లాక్‌డౌన్‌లో ఆసుపత్రి, రేషన్ షాపు లాగా బ్యాంకు కూడా తెరిచే ఉంది. కారణం మీకు తెలుసు. ప్రభుత్వం ఇచ్చే సాయం బ్యాంకు ద్వారానే రావాలి.

జన్‌ధన్ ఖాతా ఉన్న మహిళలకు కేంద్ర ప్రభుత్వం నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు వేసింది. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో 20 కోట్లకు పైగా మహిళల ఖాతాలకు ఈ సొమ్ము చేరింది. గుంపులు కాకూడదని ఖాతా నెంబరు చివరి అంకెను బట్టి రోజులు పెట్టారు. తన ఖాతా నెంబరులో చివరి అంకె చదవగలిగిన అమ్మ ఎవరినీ అడగకుండా తన రోజు తాను తెలుసుకుంది.

2020 ఏప్రిల్ 24న మన రాష్ట్ర ప్రభుత్వం సున్నా వడ్డీ పథకం కింద మహిళా సంఘాలకు సుమారు 1,400 కోట్ల రూపాయల వడ్డీ సొమ్ము జమ చేసింది. హామీ లేకుండా సంఘానికి ఇచ్చే అప్పు 10 లక్షల దాకానే ఉండేది. దాన్ని 20 లక్షల దాకా పెంచుతామని 2020 మార్చి 26న కేంద్రం ప్రకటించింది.

అయినా దేశం మొత్తం మీద దెబ్బ చాలా పెద్దది. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు దేశంలో జరిగిన ఉత్పత్తి, వ్యాపారం అంతకు ముందు ఏడాది ఆ మూడు నెలలతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ఆ మూడు నెలల్లో పెరిగింది వ్యవసాయం ఒక్కటే.

రిజర్వు బ్యాంకు ఏం చేసింది?

మనకు బ్యాంకు ఎట్లాగో బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అట్లా. అన్ని బ్యాంకుల మీద పెత్తనం దానిదే. అది చేసిన ముఖ్యమైన పనులు ఇవి.

ఒకటి. వడ్డీ తగ్గించింది. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర చేబదులు తీసుకుంటే కట్టే వడ్డీని రెపో రేటు అంటారు. అది నూటికి 5 రూపాయల 15 పైసలు ఉండేది. 2020 మార్చి 27న దాన్ని 4 రూపాయల 40 పైసలు చేశారు. మే 22న 4 రూపాయలు చేశారు.

రెండు. బ్యాంకుల చేతిలో సొమ్ము పెంచింది. అప్పట్లో ప్రతి బ్యాంకు తన డిపాజిట్లలో నూటికి 4 రూపాయలు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచవలసి ఉండేది. దాన్ని ఏడాది పాటు 3 రూపాయలకు తగ్గించారు.

మూడు. వచ్చిన లాభాన్ని వాటాదార్లకు పంచవద్దని 2020 ఏప్రిల్‌లో బ్యాంకులకు చెప్పింది. కరువు వస్తుందని తెలిస్తే గాదెలో గింజలు పంచుకోం కదా. ఇదీ అంతే.

నాలుగు. అప్పు కట్టేవాళ్లకు గడువు ఇవ్వవచ్చు అని చెప్పింది. దీన్నే మారటోరియం అన్నారు. మొదట మార్చి, ఏప్రిల్, మే నెలలకు ఇచ్చారు. తర్వాత ఆగస్టు 31 వరకు పెంచారు. మొత్తం ఆరు నెలలు.

చిన్న పరిశ్రమలకు, చిన్న వ్యాపారాలకు ఇచ్చే కొత్త అప్పులకు కేంద్ర ప్రభుత్వం తానే హామీ ఉంటానని చెప్పింది. మొదట 3 లక్షల కోట్ల రూపాయల దాకా హామీ ఇచ్చింది. తర్వాత దాన్ని కూడా పెంచింది. అప్పు తీసుకున్నవాడు కట్టలేకపోతే ప్రభుత్వం కడుతుంది. అందుకే బ్యాంకు భయపడకుండా అప్పు ఇచ్చింది.

గడువు వేరు, మాఫీ వేరు

ఆ రోజుల్లో ఊళ్లలో ఒక మాట బాగా తిరిగింది. "ఆరు నెలలు కంతు కట్టొద్దంటాండారు. అప్పు పోయినట్లేనంట!"

ఇది తప్పు మాట. అనంతపురం వాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. మన మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తే బ్యాంకు పంట అప్పును రీషెడ్యూలు చేస్తుంది. అంటే ఏమి? కట్టవలసిన గడువు జరుగుతుంది. అప్పు పోదు. వడ్డీ ఆగదు. 2020లో దేశం మొత్తం ఒక కరువు మండలం అయింది అనుకోండి. మారటోరియం అంటే అదే.

లెక్క చూద్దాం. ఒక చెల్లెలు చీరల దుకాణం కోసం బ్యాంకులో అప్పు తీసుకుంది. ఇంకా 1,00,000 రూపాయలు బాకీ ఉంది. వడ్డీ నూటికి నెలకు రూపాయి. ఆరు నెలలు ఏమీ కట్టలేదు.

మొదటి నెల వడ్డీ 1,000 రూపాయలు. బాకీ 1,01,000 అయింది.

రెండో నెల వడ్డీ 1,010 రూపాయలు. బాకీ 1,02,010 అయింది.

మూడో నెల వడ్డీ 1,020 రూపాయలు. బాకీ 1,03,030 అయింది.

ఇట్లా ఆరు నెలలు అయ్యేసరికి బాకీ సుమారు 1,06,152 రూపాయలు అవుతుంది.

ఇందులో 6,000 రూపాయలు అసలు మీద వడ్డీ. మిగిలిన 152 రూపాయలు వడ్డీ మీద వడ్డీ. మనం దాన్ని చక్రవడ్డీ అంటాం.

కట్టవద్దని గడువు ఇచ్చి దాని మీద చక్రవడ్డీ వేయడం న్యాయమా? ఈ మాట సుప్రీంకోర్టు దాకా పోయింది. అప్పుడు కేంద్ర ప్రభుత్వం 2 కోట్ల రూపాయల లోపు అప్పులు కొన్నింటికి చక్రవడ్డీ భారం తాను మోసింది. ఇళ్ల అప్పులు, చదువు అప్పులు, చిన్న వ్యాపారాల అప్పులు ఇందులో ఉన్నాయి. 2020 నవంబరు 5 లోపల ఆ సొమ్ము ఖాతాల్లో వేయమని చెప్పింది. గడువు వాడుకోకుండా కంతులు సరిగా కట్టిన వాళ్లకు కూడా ఆ సొమ్ము ఇచ్చారు. కానీ పంట అప్పులు, ట్రాక్టరు అప్పులు ఇందులోకి రాలేదు.

2021 మార్చి 23న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఆరు నెలలకు ఎవరి దగ్గరా చక్రవడ్డీ తీసుకోకూడదు అంది. కానీ మామూలు వడ్డీని మాఫీ చేయమని చెప్పలేదు. వడ్డీ వదిలేస్తే డిపాజిట్ వేసిన వాళ్లకు బ్యాంకు ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది అనేది అందులో ముఖ్యమైన సంగతి.

అంటే మన చెల్లెలికి తిరిగి వచ్చింది సుమారు 152 రూపాయలు. ఆమె కట్టవలసిందే అని తేలింది 6,000 రూపాయలు.

కాబట్టి గడువు మంచిదా, చెడ్డదా? చేతిలో పైసా లేని ఇంటికి అది ప్రాణం కాపాడింది. చేతిలో సొమ్ము ఉండి కూడా కంతు ఆపిన ఇంటికి అది ఖర్చు పెట్టించింది.

అనుకున్నది ఒకటి, అయింది ఒకటి

2020 జూలైలో రిజర్వు బ్యాంకు ఒక అంచనా వేసింది. ఏడాది తిరిగేసరికి 100 రూపాయల అప్పులో 12 రూపాయల 50 పైసలు మొండి బాకీ కావచ్చు అంది. అట్లా అయితే చాలా బ్యాంకులు కష్టంలో పడేవే.

కానీ జరిగింది వేరు. 2021 మార్చికి మొండి బాకీ నూటికి ఏడున్నర రూపాయల లోపే ఉంది. 2022 మార్చికి 6 రూపాయల లోపుకు వచ్చింది. 2023 మార్చికి 4 రూపాయల లోపుకు వచ్చింది. 2025 మార్చికి రెండున్నర రూపాయల లోపుకు దిగింది.

లాభాలు కూడా చూడండి.

స్టేట్ బ్యాంకు లాభం 2019-20లో 14,488 కోట్లు. 2020-21లో 20,410 కోట్లు. 2021-22లో 31,676 కోట్లు.

కెనరా బ్యాంకు లాభం 2020-21లో 2,557 కోట్లు. మరుసటి ఏడాది 5,678 కోట్లు.

ప్రభుత్వ బ్యాంకులన్నీ కలిపి 2021-22లో సుమారు 66,500 కోట్లు. 2022-23లో లక్ష కోట్లు దాటింది.

అన్ని సంస్థలకూ ఇట్లా జరగలేదు. పేద ఇళ్లకు చిన్న చిన్న అప్పులు ఇచ్చి ఇంటింటికీ తిరిగి వసూలు చేసే కొన్ని బ్యాంకులు, కంపెనీలు బాగా దెబ్బ తిన్నాయి. 2021లో రెండోసారి కరోనా వచ్చినప్పుడు వాటికి వసూళ్లు ఆగిపోయాయి.

ఈ లాభం ఎక్కడిది?

లాభం వానలాగా ఆకాశంలో నుంచి పడలేదు. ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, దాచుకున్న వాళ్ల వడ్డీ తగ్గింది.

భయం కొద్దీ జనం ఖర్చు తగ్గించారు. ఉన్నవాళ్లు బ్యాంకులో ఎక్కువ దాచుకున్నారు. 2020-21లో డిపాజిట్లు నూటికి 11 రూపాయలకు పైగా పెరిగాయి. అప్పులు 5, 6 రూపాయలే పెరిగాయి. సొమ్ము ఎక్కువగా వచ్చి పడితే బ్యాంకు ఎక్కువ వడ్డీ ఎందుకు ఇస్తుంది?

స్టేట్ బ్యాంకులో పొదుపు ఖాతా వడ్డీ 2020 మే నెలాఖరుకు నూటికి 2 రూపాయల 70 పైసలకు తగ్గింది. ఏడాది డిపాజిట్‌కు జనవరిలో 6 రూపాయల 10 పైసలు ఇచ్చేవారు. సెప్టెంబరులో 4 రూపాయల 90 పైసలు అయింది.

ఒక అవ్వ 1,00,000 రూపాయలు ఆ సెప్టెంబరులో ఏడాదికి వేసింది అనుకోండి. ఆమెకు వచ్చే వడ్డీ 4,900 రూపాయలకు కాస్త పైన. ఆ ఏడాది సరుకుల ధరలు నూటికి 6 రూపాయల దాకా పెరిగాయి. లక్ష రూపాయలకు వచ్చే సరుకు కొనాలంటే లక్షా 6 వేలు కావాలి. అంటే అవ్వ చేతికి వడ్డీ వచ్చినా ఆమె సొమ్ము విలువ వెయ్యి రూపాయల దాకా తరిగింది. బ్యాంకు లాభంలో ఇట్లాంటి అవ్వల వాటా కూడా ఉంది. ఈ మాట పేపర్లో పెద్ద అక్షరాలతో రాదు.

రెండోది, పాత బాండ్ల విలువ పెరిగింది.

ప్రభుత్వం కూడా అప్పు తీసుకుంటుంది. అప్పు కాగితాలు రాసి ఇస్తుంది. వాటిని బాండ్లు అంటారు. బ్యాంకుల దగ్గర ఇవి చాలా ఉంటాయి. పాత బాండ్ మీద ఏడాదికి 7 రూపాయల వడ్డీ వస్తుంది అనుకుందాం. కొత్త బాండ్ మీద 6 రూపాయలే వస్తుంది. అప్పుడు అందరూ పాతదే కావాలంటారు. 100 రూపాయల కాగితానికి 100 కంటే ఎక్కువ ఇచ్చి కొంటారు. వడ్డీ రేట్లు తగ్గినప్పుడు బ్యాంకులకు ఇట్లా లాభం వచ్చింది.

అప్పులు ఇవ్వడానికి భయపడిన బ్యాంకులు మిగిలిన సొమ్మును రిజర్వు బ్యాంకు దగ్గరే దాచాయి. 2020 మే నెలలో ఒక దశలో అట్లా దాచిన సొమ్ము 8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. దాని మీద వచ్చే వడ్డీ తక్కువే. కానీ భయం లేదు. అదే సమయంలో చిన్న వ్యాపారికి మాత్రం అప్పు పుట్టడం కష్టమైంది.

మూడోది, ముందే పక్కన పెట్టిన సొమ్ము ఆదుకుంది.

2015 తర్వాత బ్యాంకులు పాత మొండి బాకీలకు సొమ్ము పక్కన పెడుతూ వచ్చాయి. అందుకే అప్పట్లో నష్టాలు వచ్చాయి. ప్రభుత్వం కూడా మన పన్నుల సొమ్ములో నుంచి ప్రభుత్వ బ్యాంకులకు మూలధనం ఇచ్చింది. 2020-21లో 20,000 కోట్ల రూపాయలు ఇచ్చింది. కరోనా వచ్చేసరికి పెద్ద దెబ్బలకు కట్టు కట్టడం చాలా వరకు అయిపోయింది.

నాలుగోది, పద్దు తీసివేత.

దీన్ని ఇంగ్లీషు మాటతో రైటాఫ్ అంటారు. ఏళ్ల తరబడి రాని బాకీకి పూర్తిగా సొమ్ము పక్కన పెట్టాక బ్యాంకు ఆ బాకీని ముఖ్యమైన లెక్క పుస్తకం నుంచి తీసేస్తుంది. 2020-21లో ఇట్లా తీసేసిన బాకీలు 2 లక్షల కోట్ల రూపాయలకు పైనే. ఇది మాఫీ కాదు. అప్పు తీసుకున్నవాడు ఇంకా కట్టవలసిందే. కానీ ఇట్లాంటి బాకీల్లో వసూలయ్యేది కొంతే. పుస్తకంలో మాత్రం మొండి బాకీ తగ్గినట్లు కనబడుతుంది. కాబట్టి మొండి బాకీలు తగ్గాయి అని వింటే ఒక ప్రశ్న అడగాలి. వసూలై తగ్గాయా? పద్దు తీసేస్తే తగ్గాయా? రెండూ జరిగాయి.

ఐదోది, బంగారం.

కరోనాలో చాలామంది అక్కలు మెడలోది తీసి బ్యాంకులో పెట్టారు. 100 రూపాయల బంగారానికి 75 రూపాయల దాకా అప్పు ఇచ్చేవాళ్లు. 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు వ్యవసాయానికి కాని బంగారు అప్పులకు దాన్ని 90 రూపాయలు చేసింది. 2021 మార్చి వరకు ఆ వీలు ఉంది. అప్పుడు బంగారం ధర కూడా పెరిగింది. బ్యాంకుకు బంగారు అప్పు మంచి బేరం. సరుకు బ్యాంకు చేతిలోనే ఉంటుంది కదా.

ఆరోది, చిన్నవాళ్లు అప్పు కట్టారు.

ఇది అన్నింటికంటే గుర్తు పెట్టుకోవలసిన సంగతి. 2020 మార్చి నాటికి దేశం మొత్తం మీద మహిళా సంఘాలు, ఇతర స్వయం సహాయక సంఘాల అప్పుల్లో మొండి బాకీ నూటికి 5 రూపాయల లోపు. కరోనా ఏడాది గడిచాక 2021 మార్చిలో అది పెరగలేదు. కాస్త తగ్గింది. అదే సమయంలో బ్యాంకుల మొత్తం అప్పుల్లో మొండి బాకీ నూటికి 7 రూపాయలకు పైనే ఉంది. హామీ కాగితాలు పెట్టలేని వాళ్లే మాట నిలబెట్టుకున్నారు.

బ్యాంకుకు పోయినప్పుడు తల వంచుకుని నిలబడవలసిన పని లేదు. ఆ కుర్చీ వెనక ఉన్న లాభంలో మన కంతు ఉంది. మన పొదుపు ఉంది.

మన సొమ్ము భద్రమేనా?

"బ్యాంకు మునిగితే మా సొమ్ము ఏమైతాది?" అని అడుగుతారు.

బ్యాంకులో ఒక మనిషి పేరున ఉన్న డిపాజిట్‌కు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. 2020 ఫిబ్రవరి 4కు ముందు ఇది 1 లక్షే. ఒక బ్యాంకులో ఎన్ని శాఖల్లో దాచినా మొత్తం కలిపి 5 లక్షలే. ఈ బీమాకు మనం ఏమీ కట్టనక్కర లేదు. బ్యాంకే కడుతుంది.

చీటీ పాటకు, ఊళ్లో వడ్డీ వ్యాపారి దగ్గర దాచిన సొమ్ముకు ఈ బీమా లేదు.

బ్యాంకు పేరు మారితే కూడా భయపడవద్దు. శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసింది. 2025 మే 1 నుంచి అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పేరు మారింది. సొమ్ము ఎక్కడికీ పోలేదు. కాకపోతే బ్యాంకు కోడు మారవచ్చు. పింఛను, కూలి సొమ్ము ఆగకుండా పాసు పుస్తకం కొత్తది అడిగి తీసుకోవాలి.

మనం చేయవలసిన పనులు

1. నెలకు ఒకసారి పాసు పుస్తకంలో లెక్క వేయించుకోవాలి. వచ్చింది ఎంత, పోయింది ఎంత, మీరే చదవాలి.

2. "గడువు ఇస్తాం" అని ఎవరైనా అంటే మూడు ప్రశ్నలు అడగాలి. వడ్డీ ఆగుతుందా? మొత్తం ఎంత పెరుగుతుంది? ఇంకా ఎన్ని నెలలు కట్టాలి?

3. మాఫీ అని వింటే కాగితం చూడాలి. నోటి మాట నమ్మి కంతు ఆపవద్దు.

4. చేతిలో సొమ్ము ఉంటే కంతు కట్టేయాలి. లేకపోతే దాచిపెట్టకుండా మేనేజరుకు ముందే చెప్పాలి. సంఘంలో కూడా చెప్పాలి.

5. సెల్లుకు వచ్చే రహస్య నెంబరు ఎవరికీ చెప్పవద్దు. బ్యాంకు వాళ్లమని చెప్పినా చెప్పవద్దు.

6. లెక్కలో తప్పు కనబడితే బ్యాంకుకు రాసి ఇవ్వాలి. రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు. దాని ఫోన్ నెంబరు 14448.

కొత్త మాటలు

డిపాజిట్ – బ్యాంకులో దాచిన సొమ్ము.
మొండి బాకీ – గడువు దాటి 90 రోజులకు మించినా కట్టని అప్పు.
మారటోరియం – అప్పు కట్టడానికి ఇచ్చే గడువు.
మాఫీ – ఇక కట్టనక్కర లేదని వదిలేయడం.
పద్దు తీసివేత – రాని బాకీని లెక్క పుస్తకం నుంచి తీసేయడం. అప్పు మాత్రం ఉంటుంది.
చక్రవడ్డీ – వడ్డీ మీద వడ్డీ.

లెక్క కట్టండి

మీ సంఘానికి 2,00,000 రూపాయల బాకీ ఉంది. వడ్డీ నూటికి నెలకు రూపాయి. మూడు నెలలు కంతు కట్టలేదు. చక్రవడ్డీ లేకుండా ఎంత వడ్డీ అవుతుంది? చక్రవడ్డీతో ఎంత అవుతుంది? పలక మీద వేసి చూడండి. పక్కన ఉన్న అక్క వేసిన లెక్కతో సరి చూసుకోండి.

కేంద్రంలో మాట్లాడుకోండి

1. కరోనా రోజుల్లో మీ ఇంట్లో కంతు ఆపారా, కట్టారా? దానివల్ల మీకు ఖర్చు ఎంత అయింది?

2. వడ్డీ తగ్గితే అప్పు తీసుకున్న వాళ్లకు మేలు. దాచుకున్న వాళ్లకు నష్టం. మీ ఇల్లు ఏ వైపు ఉంది?

3. మళ్లీ అట్లాంటి కష్టం వస్తే, కంతు కట్టలేని సభ్యురాలికి మీ సంఘం ఎట్లా సాయం చేస్తుంది? ఇప్పుడే ఒక తీర్మానం రాసి పుస్తకంలో పెట్టుకోండి.